పాత రికార్డులు కంప్యూటర్లోకి: ఏది కొనాలి, ఏది చేత్తో చేసుకోవాలి

మెషిను సంగతి తర్వాత చూద్దాం. ముందు అటక మీది ట్రంకుపెట్టె దించి, అందులోని రికార్డుల్ని రెండు కుప్పలు చేయండి. చేతికి బరువుగా తగిలేవి, జారిపడితే పెంకులై పోయేవి 78లు (నిమిషానికి 78 చుట్లు తిరిగేవి). కాస్త వంగేవి ఎల్పీలు, చిన్న సైజు 45లు. 78ల సరుకును పట్టి ఉంచేది లక్క. పదంగుళాల 78కి ఒక వైపు మూడు నిమిషాల పైచిలుకు పాటే పడుతుంది. ఎల్పీ 1948లో వచ్చిన వినైలు (ఒక రకం ప్లాస్టిక్), వైపుకు ఇరవై నిమిషాలకు పైగా మోగుతుంది.

మన సీమ ఇళ్ళలో మొదటి కుప్పను చిన్నచూపు చూడొద్దు. సురభి నాటకాలు 1885లో కడప జిల్లా సురభి గ్రామంలోనే మొదలయ్యాయి, రంగస్థల నటుడు బళ్ళారి రాఘవ పుట్టింది తాడిపత్రిలో. పద్యాల పిచ్చి ఉన్న నేల ఇది. పద్యాలు, హరికథలు, నాటకాల సెట్లు 78ల మీద వచ్చిన కాలంలో ఇంటికి చేరినవి ఆ పెట్టెల్లో ఉంటాయి. వాటిలో చాలావాటికి ఎల్పీ గానీ క్యాసెట్టు గానీ మళ్ళీ రాలేదు. కాబట్టి పొరపాటు చేస్తే దిద్దుకోవడానికి ఇంకో ప్రతి దొరక్కపోవచ్చు.

కుప్పలు వేరుచేయమనడానికి కారణం ముల్లు. 78 గాడి వెడల్పు. దానికి ముల్లు కొన సుమారు 75 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) వ్యాసార్ధంతో గుండ్రంగా ఉండాలి. ఎల్పీకి 18 నుంచి 25 మైక్రాన్లు చాలు. ఎల్పీ ముల్లును 78 మీద పెడితే అది గాడి గోడలకు ఆనకుండా అడుక్కు దిగి, అక్కడ పేరుకున్న మురికి మీద దొర్లుతుంది. పాట కంటే గరగర ఎక్కువ వినిపిస్తుంది. 78 ముల్లును ఎల్పీ మీద పెడితే ఇంకా ఘోరం, ఒక్కసారికే గాడి పైఅంచులు చెడిపోతాయి. రెండు కుప్పలూ ఉంటే రెండు ముళ్ళు కావాలి. ఎంత పొదుపు చేసినా ఈ ఖర్చు తప్పించుకునేది కాదు.

ఇక ప్లేయరు ఇంట్లో ఉంటే దాని కార్ట్రిడ్జి, అంటే ముల్లు కదలికను విద్యుత్ సిగ్నలుగా మార్చే ముక్క, ఏ రకమో చూడండి. ముల్లున్న ప్లాస్టిక్ ముక్కను ముందుకు లాగితే ఊడి వచ్చి, దాని వెనకభాగం సన్నటి ఇనుప రజనును పట్టుకుంటే అది మూవింగ్ మాగ్నెట్ రకం. దాని నుంచి వచ్చేది 3 నుంచి 5 మిల్లీవోల్టులే. అలా కాక చిన్న మీట తిప్పితే ఒక పక్క 78 ముల్లు, ఇంకో పక్క ఎల్పీ ముల్లు వచ్చేదైతే సాధారణంగా సిరామిక్ గానీ క్రిస్టల్ గానీ అయి ఉంటుంది. ఫియస్టా వంటి పాత హెచ్ఎంవీ పెట్టె ప్లేయర్లలో ఇలాంటివే చూస్తాం. వీటి నుంచి వందల మిల్లీవోల్టులు వస్తాయి. ఈ తేడాను బట్టే మీరు చేయాల్సిన సర్క్యూటు మారిపోతుంది. క్రిస్టల్ రకంలో ఉండేది రోషెల్ లవణం. 55 డిగ్రీల దగ్గర అది పాడవడం మొదలవుతుంది, తేమా పడదు. ఎండాకాలం రేకుల కింద ఏళ్ళ తరబడి ఉన్న ప్లేయర్లో క్రిస్టల్ చచ్చిపోయి ఉంటే ఆశ్చర్యం లేదు. దాన్ని బాగుచేయించే ప్రయత్నం మానేసి, కొత్త సిరామిక్ కార్ట్రిడ్జి వేయండి.

దారులు, వాటి మంచిచెడ్డలు

సూట్‌కేసు ఆకారంలో వచ్చే యూఎస్‌బీ ప్లేయర్లు చూడముచ్చటగా ఉంటాయి, అగ్గువకు దొరుకుతాయి. మా సలహా మాత్రం వద్దనే. వాటిలోని సిరామిక్ కార్ట్రిడ్జి 5 గ్రాముల దాకా బరువు మోపుతుంది, ఆ బరువు తగ్గించుకునే వీలుండదు. పళ్ళెం చిన్నది కాబట్టి ఎల్పీ అంచులు గాలిలో ఊగుతాయి. వేగం నిలకడగా ఉండదు. సినిమా పాటల్లో ఇది అంతగా పట్టుబడకపోయినా, హార్మోనియం పట్టుకుని పద్యం ఆలాపన సాగదీసిన చోట శ్రుతి అలలా ఊగడం స్పష్టంగా వినిపిస్తుంది. బజారులో మళ్ళీ దొరికే పది ఎల్పీలు విని పక్కన పెట్టేయడానికైతే సరే.

రెండోది బెల్టుతో తిరిగే కొత్త టర్న్‌టేబుల్. ఆడియో-టెక్నికా ఎల్‌పీ60ఎక్స్ ఈ తరగతికి మంచి ఉదాహరణ. లోపలే ఫోనో ప్రీయాంప్ (కార్ట్రిడ్జి నుంచి వచ్చే సన్న సిగ్నలును పెంచే సర్క్యూటు) ఉంది, వెనక స్విచ్చితో దాన్ని ఆపుకోవచ్చు. యూఎస్‌బీ ఉన్న నమూనా కూడా ఉంది. అందులో ఉండేది మూవింగ్ మాగ్నెట్ కార్ట్రిడ్జి, మోపే బరువు కూడా తక్కువే. అయితే వేగాలు 33, 45 మాత్రమే. ఎల్పీ కుప్ప ఒక్కటే ఉన్నవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు, సోల్డరింగు అక్కర్లేదు. 78లు కూడా దీనితోనే చేయాలంటే ఒక ఉపాయముంది, కింద చెప్తాం.

మూడోది ఇంట్లో ఉన్న పాత ప్లేయరును బాగుచేసుకుని, ప్రీయాంప్ మనమే చేసుకుని, యూఎస్‌బీ సౌండ్ కార్డు కొనుక్కోవడం. రెండు కుప్పలూ ఉన్నవాళ్ళకు, సోల్డరింగు ఐరన్ పట్టడం వచ్చినవాళ్ళకు డబ్బు తక్కువలో మంచి ఫలితమిచ్చే దారి ఇదే. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం దీని గురించే.

రాస్ప్‌బెర్రీ పై తో (అరచేతిలో పట్టే ఒంటి బోర్డు) వేరే కంప్యూటరు అవసరం లేని పెట్టె చేయాలని చాలామందికి ఉబలాటం. చేయొచ్చు. కానీ ఆ బోర్డుకు ఆడియో ఇన్‌పుట్ లేదు. పైన ఇంకో ఆడియో బోర్డో యూఎస్‌బీ కార్డో పెట్టాల్సిందే. ఇంట్లో ఏదో ఒక పాత ల్యాప్‌టాప్ ఉంటే ఈ ఖర్చు దండగ.

ఫోనుకు, ల్యాప్‌టాప్‌కు ఉండే హెడ్‌ఫోన్ రంధ్రంలోకి నేరుగా గుచ్చడం మాత్రం అస్సలు వద్దు. అందులోని ఇన్‌పుట్ మైకు కోసం పెట్టింది. ఒక్క చానెలే ఉంటుంది, మైకుకు కావలసిన డీసీ వోల్టేజి ఆ తీగ మీద ఉంటుంది, కాస్త గట్టి సిగ్నలు వస్తే చితికిపోతుంది. గోళీ సైజు చవక యూఎస్‌బీ కార్డులదీ ఇదే కథ. వెనక ఎరుపు, తెలుపు రంగుల్లో గుండ్రటి రెండు ఆర్‌సీఏ ఇన్‌పుట్లు ఉన్నదాన్నే కొనండి. బెహ్రింగర్ యూసీఏ222 అలాంటిది. అదే కంపెనీ యూఎఫ్‌ఓ202లో ఫోనో ప్రీయాంప్ కూడా కలిసి ఉంటుంది. సోల్డరింగు ఇష్టం లేనివాళ్ళు మూవింగ్ మాగ్నెట్ ప్లేయరుకు దాన్ని తగిలిస్తే పని అయిపోతుంది. రెండూ 16 బిట్లు, 48 కిలోహెర్ట్జ్ దాకానే. అది చాలదేమోనన్న బెంగ అక్కర్లేదు. మంచి ఎల్పీలో కూడా నిశ్శబ్దానికి, పెద్ద శబ్దానికి మధ్య తేడా సుమారు 60, 70 డెసిబెల్స్. 16 బిట్లు 96 డెసిబెల్స్ మోస్తాయి.

స్కానరుతో గాడిని ఫోటో తీసి పాట రాబట్టొచ్చని కూడా కొందరు అడుగుతుంటారు. లెక్క వేస్తే తేలిపోతుంది. 2400 డీపీఐ (అంగుళానికి 2400 చుక్కలు) స్కానరులో ఒక చుక్క 10.6 మైక్రాన్లు. మామూలు స్థాయిలో 1 కిలోహెర్ట్జ్ స్వరానికి గాడి పక్కకు కదిలేది 8 మైక్రాన్లే, హెచ్చు స్వరాలకు ఇంకా తక్కువ. ఇంటి స్కానరు కంటికి అది ఆనదు.

మూవింగ్ మాగ్నెట్‌కు ప్రీయాంప్

రికార్డు కోసేటప్పుడు మంద్ర స్వరాల్ని తగ్గించి, హెచ్చు స్వరాల్ని పెంచి కోస్తారు. వాయించేటప్పుడు దాన్ని తిరగేయాలి. 1954 తర్వాత స్థిరపడిన ఆర్‌ఐఏఏ (అమెరికా రికార్డు కంపెనీల సంఘం) లెక్క ప్రకారం ఈ హెచ్చుతగ్గుల వంపుకు మూడు కాలమానాలు: 3180, 318, 75 మైక్రోసెకన్లు. ఈ మూడూ మన అంగళ్ళలో దొరికే విడిభాగాలతోనే కచ్చితంగా పడతాయి.

ఒక ఎన్‌ఈ5532 ఐసీలో రెండు యాంప్లిఫయర్లు ఉంటాయి, చానెల్‌కు ఒకటి. ఇన్‌పుట్ నుంచి ఎర్తుకు 47 కిలోఓమ్‌లు. ఇన్‌పుట్ తీగ ఐసీ ప్లస్ కాలికి పోతుంది (3, 5). అవుట్‌పుట్ (1, 7) నుంచి మైనస్ కాలికి (2, 6) వచ్చే దారిలో రెండు జంటలు వరుసగా పెట్టాలి. మొదటి జంట: 82 కిలోఓమ్‌లు, 5.6 కిలోఓమ్‌లు కలిపిన 87.6కి సమాంతరంగా 33 నానోఫారడ్, 3.3 నానోఫారడ్ పక్కపక్కన. రెండో జంట: 7.5 కిలోఓమ్‌లకు సమాంతరంగా 10 నానోఫారడ్. 7.5 దొరక్కపోతే 6.8 కిలోఓమ్‌లకు 680 ఓమ్‌లు కలపండి, తేడా పట్టించుకోవాల్సినంత లేదు. మైనస్ కాలి నుంచి 180 ఓమ్‌లు, దాని తర్వాత 220 మైక్రోఫారడ్, ఆపైన ఎర్తు. అవుట్‌పుట్‌కు వరుసగా 100 ఓమ్‌లు, 2.2 మైక్రోఫారడ్ ఫిల్మ్ కెపాసిటర్, అక్కడి నుంచి ఎర్తుకు 100 కిలోఓమ్‌లు. ఇంకో చానెల్‌కూ అచ్చంగా ఇదే.

ఈ విలువలతో 1 కిలోహెర్ట్జ్ దగ్గర సిగ్నలు సుమారు 54 రెట్లవుతుంది. 4 మిల్లీవోల్టులు 0.22 వోల్టులవుతాయి. రికార్డులో గట్టి చోట్లు దీనికి నాలుగైదు రెట్లు పోతాయి కాబట్టి ఇంతకంటే పెంచితే సౌండ్ కార్డు చితుకుతుంది. 180 ఓమ్‌ల బదులు 100 పెట్టమని చెప్పేవాళ్ళుంటారు. సిగ్నలు బాగా తక్కువిచ్చే కార్ట్రిడ్జి అయితే తప్ప అది వద్దు.

కరెంటుకు రెండు 9 వోల్టుల బ్యాటరీలు. ఒకదాని ప్లస్ 8వ కాలికి, రెండోదాని మైనస్ 4వ కాలికి, మిగిలిన రెండు కొనలు కలిపి ఎర్తుకు. ఐసీ కాళ్ళ పక్కనే ఒక్కోదానికి 100 నానోఫారడ్, 100 మైక్రోఫారడ్ పెట్టండి. ఐసీ తాగేది మామూలుగా 8 మిల్లీఆంపియర్లు, ఆల్కలైన్ బ్యాటరీలు నలభై గంటలకు తక్కువ కాకుండా వస్తాయి. స్విచ్చి మాత్రం రెండు బ్యాటరీల్నీ ఒకేసారి తెంచే రకం ఉండాలి. ఒక్కదాన్నే తెంచితే అవుట్‌పుట్ ఒక పక్కకు దూకి సౌండ్ కార్డులోకి పెద్ద దెబ్బ పోతుంది. బ్యాటరీ ఎందుకు, అడాప్టరు పెట్టొచ్చు కదా అంటే, మిల్లీవోల్టుల సిగ్నలు పక్కన చవక అడాప్టరు పెడితే దాని కూత మొత్తం రికార్డింగులోకి ఎక్కుతుంది.

ఎక్కువగా పొరపాటు జరిగే చోటు కెపాసిటర్లు. బిళ్ళ ఆకారపు సిరామిక్‌వి ఆ వంపు దగ్గర వాడొద్దు. వేడికి విలువ మారుతుంది, రెండు చానెళ్ళూ ఒకేలా రావు. పాలిస్టర్ ఫిల్మ్ అడగండి: 103 అని ఉంటే 10, 333 అంటే 33, 332 అంటే 3.3 నానోఫారడ్. కెపాసిటెన్సు కొలిచే మల్టీమీటరుంటే ఐదారు తీసుకుని, దగ్గర దగ్గర విలువలున్న వాటిని రెండు చానెళ్ళకూ జంటలుగా పెట్టండి. నకిలీ ఎన్‌ఈ5532లు బజారులో తిరుగుతుంటాయి. మరీ చవకగా ఇస్తామంటే అనుమానించాల్సిందే. ఐసీని బేసులో పెట్టుకుంటే మార్చడం తేలిక.

పని పూర్తయ్యాక ప్లేయరు తగిలించే ముందే 1, 7 కాళ్ళ దగ్గర డీసీ చూడండి. పదుల మిల్లీవోల్టులుంటే సరే. 7, 8 వోల్టులు చూపిస్తే ఎక్కడో ప్లస్, మైనస్ కాళ్ళు తారుమారయ్యాయి, లేదా 220 మైక్రోఫారడ్ షార్టయింది.

మొత్తాన్ని ఇనుప డబ్బాలో పెట్టి, డబ్బాను ఒకే ఒక్క చోట ఎర్తుకు కలపండి. ప్లేయరు నుంచి వచ్చే సన్న ఎర్తు తీగ కూడా అక్కడికే. రెండు మూడు చోట్ల కలిపితే 50 హెర్ట్జ్ మోత మొదలవుతుంది. ఇంటి ఎర్తింగు సరిగా లేని చోట ల్యాప్‌టాప్ చార్జరు పీకేసి బ్యాటరీ మీద రికార్డు చేస్తే సగం మోత అక్కడే పోతుంది. కరెంటు పోయి ఇన్వర్టరు మీద నడుస్తున్నప్పుడు రికార్డు చేయొద్దు. సైన్‌వేవ్ కాని ఇన్వర్టర్లు మోటారును మూలిగేలా చేస్తాయి, ఆ మూలుగు ముల్లు గుండా పాటలోకి వస్తుంది.

విడిభాగాలన్నీ బ్యాటరీలతో, డబ్బాతో కలిపి వెయ్యి రూపాయల లోపే. ఊళ్ళోని ఎలక్ట్రానిక్స్ అంగళ్ళలో ఫిల్మ్ కెపాసిటర్లు దొరక్కపోతే అనంతపురం వాళ్ళకు బెంగుళూరు ఎస్‌పీ రోడ్డు, కర్నూలు వాళ్ళకు హైదరాబాదు కోఠిలోని గుజరాతీ గల్లీ, కడప వాళ్ళకు చెన్నై రిచీ స్ట్రీటు వీలుగా ఉంటాయి.

సిరామిక్‌కు బఫరు

బఫరు అంటే సిగ్నలును పెంచకుండా, కార్ట్రిడ్జి మీద భారం పడకుండా ముందుకు అందించే సర్క్యూటు. ఇది ఇంకా తేలిక, కానీ చాలామంది తప్పు చేసేది ఇక్కడే. సిరామిక్ కార్ట్రిడ్జి ఎలక్ట్రికల్‌గా చూస్తే చిన్న కెపాసిటరు, దాదాపు 800 పీకోఫారడ్ అనుకోండి. దాన్ని నేరుగా 22 కిలోఓమ్‌ల లైన్ ఇన్‌పుట్‌లోకి పెడితే 9 కిలోహెర్ట్జ్ కింద ఉన్నదంతా తగ్గుతూ పోతుంది. గొంతు రేకు డబ్బాలోంచి వచ్చినట్టు ఉంటుంది, మృదంగం మాయమైపోతుంది. చాలామంది ఇది విని రికార్డు అరిగిపోయిందనుకుంటారు. రికార్డు బాగానే ఉంది, లోడు తప్పు.

టీఎల్072 ఐసీ తీసుకుని అవుట్‌పుట్‌ను నేరుగా మైనస్ కాలికి కలపండి. ప్లస్ కాలి నుంచి ఎర్తుకు 4.7 మెగాఓమ్‌లు. అప్పుడు 42 హెర్ట్జ్ దాకా మంద్రం దిగుతుంది. ఆర్‌ఐఏఏ జంటలు ఇక్కడ అక్కర్లేదు, ఎక్కువ ఓమ్‌ల లోడు మీద సిరామిక్ తనంతట తానే ఆ వంపుకు దగ్గరగా ఇస్తుంది. బ్యాటరీలు, స్విచ్చి, అవుట్‌పుట్ భాగాలు పైన చెప్పినవే. కార్ట్రిడ్జి నుంచి బఫరుకు తీగ జానెడుకు మించకూడదు. వీలైతే బఫరును ప్లేయరు డబ్బాలోనే పెట్టండి. ఇంత ఎక్కువ ఓమ్‌ల దగ్గర పొడుగాటి తీగ మోతను పీల్చుకుంటుంది.

సిరామిక్ కార్ట్రిడ్జి ముల్లు పాతదైతే పాట మొదలుపెట్టకముందే మార్చండి. 5 గ్రాముల బరువుతో అరిగిన ముల్లు ఉలిలా పనిచేస్తుంది.

78లు, వేగం

33, 45 మాత్రమే ఉన్న ప్లేయరు మీద 78ని 45లో వాయించి, తర్వాత సాఫ్ట్‌వేరులో 1.739 రెట్లు వేగం పెంచొచ్చు. ఆడాసిటీ అనే ఉచిత రికార్డింగు సాఫ్ట్‌వేరులో వేగం మార్చే చోట రికార్డు వేగాల పట్టికే ఉంది. వంగిన రికార్డు మీద, చిన్న బీట పడిన రికార్డు మీద ముల్లు ఎగరకుండా ఈ నిదానం సాయపడుతుంది. కానీ ఆర్‌ఐఏఏ ప్రీయాంప్ గుండా వచ్చిన సిగ్నలు వేగం మారిస్తే వంపు కూడా స్థానం మారుతుంది. అందుకని వేగం పెంచకముందే ఆర్‌ఐఏఏ వంపును తిరగేసి తీసేయాలి. పైగా 78లకు ఆర్‌ఐఏఏ అసలు సరిపడదు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందటి హెచ్ఎంవీ తరగతి 78లకు 250 హెర్ట్జ్ కింద మాత్రమే మంద్రం పెంచి, పైన ఏమీ తగ్గించకుండా మొదలుపెట్టి, తర్వాత చెవిని బట్టి సర్దుకోవాలి. నేరుగా ప్రీయాంప్ శబ్దం విని "ముసుగేసినట్టుంది" అనుకునేది ఇందుకే.

78 ముల్లు ఉన్న మంచి కార్ట్రిడ్జి కావాలంటే ఆడియో-టెక్నికా వీఎం95ఎస్‌పీ పనికొస్తుంది, 5 గ్రాముల బరువుతో నడుస్తుంది. అదే కుటుంబంలోని వీఎం95ఈ ఎల్పీకి, 2 గ్రాములు. ఒకే కార్ట్రిడ్జి ఒంటికి రెండు ముళ్ళూ మార్చుకోవచ్చు కాబట్టి ఒంటిని మళ్ళీ కొననక్కర్లేదు. ముల్లు మార్చినప్పుడల్లా టోన్‌ఆర్మ్ (ముల్లును మోసే చేయి) మోపే బరువు సరిచూసుకోవాలి. అందుకు బరువు మార్చుకునే ఏర్పాటున్న టోన్‌ఆర్మ్ ఉండాలి.

వేగం సరిచూడటానికి పళ్ళెం మీద పెట్టే 50 హెర్ట్జ్ స్ట్రోబు కాగితం (చుట్టూ గీతలున్న గుండ్రటి కాగితం) అచ్చేసుకోండి: 33కి 180 గీతలు, 78కి 77. చోక్ ఉన్న పాత ట్యూబులైటు కింద గీతలు కదలకుండా నిలబడితే వేగం సరి. చాలా ఎల్‌ఈడీ బల్బుల కింద ఈ పరీక్ష చేయలేరు, వాటి వెలుగు అలా ఆరివెలగదు. పాత 78ల్లో కొన్ని 80 వేగంతో కోసినవి ఉంటాయి. వాటిని 78లో వాయిస్తే శ్రుతి దాదాపు పావు స్వరం దిగుతుంది. పక్కన హార్మోనియం ఉన్న ఇంట్లో నాటక పద్యం శ్రుతి ఏ మెట్టుకూ అతకకపోతే ముందు వేగాన్నే అనుమానించండి.

కడగడం గురించి రెండు మాటలు. సీమ బోరు నీళ్ళతో ఏ రికార్డూ కడగొద్దు. ఆ ఉప్పు గాడిలో గట్టిపడి కూర్చుంటుంది. ఇన్వర్టరు బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటరు లీటరుకు రెండు మూడు చుక్కల గిన్నెల సబ్బు ద్రావకం, మెత్తటి బట్ట, గాడి వెంబడి తుడవడం. చివర్న ఉత్త డిస్టిల్డ్ వాటరుతో ఇంకోసారి. కాగితపు లేబులు తడవనీయొద్దు. వినైలుకైతే ఐసోప్రొపైల్ ఆల్కహాలు కొద్దిగా కలపొచ్చు. 78లకు ఆల్కహాలు చుక్క కూడా తగలకూడదు, లక్క కరిగిపోతుంది.

రికార్డింగులో గట్టి చోటు మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా చూసుకోండి. 78 మోనో అయినా రెండు చానెళ్ళూ రికార్డు చేయండి. గాడికి రెండు గోడలు, ఒకటి తక్కువ అరిగి ఉండొచ్చు. తర్వాత విని మంచిదాన్ని ఉంచుకోవచ్చు, లేదా రెండూ కలిపితే ముల్లు పైకీకిందికీ ఊగడం వల్ల వచ్చే గరగర కొంత రద్దవుతుంది. 16 బిట్లు, 48 కిలోహెర్ట్జ్‌లో ఇరవై నిమిషాల ఎల్పీ వైపు సుమారు 230 మెగాబైట్లు, ఫ్లాక్‌లో (నాణ్యత పోకుండా కుదించే ఫైలు రకం) దాదాపు సగం. గరగర తీసేసిన ఫైలు పక్కన, ఏమీ తీయని మొదటి ఫైలును కూడా లేబులు ఫోటోతో సహా దాచండి.

ఎల్పీలు మాత్రమే, ఇరవై లోపు ఉంటే ఎల్‌పీ60ఎక్స్ తరగతి కొత్త ప్లేయరు, రెండు ఆర్‌సీఏలున్న సౌండ్ కార్డు. అదే ఎల్పీలకు మంచి పాత ప్లేయరు ఇంట్లో ఉంటే యూఎఫ్‌ఓ202 ఒక్కటే కొనండి. మూడు వేగాల పాత సిరామిక్ ప్లేయరు నడిచే స్థితిలో ఉండి, 78లు ఎక్కువగా ఉంటే కొత్త ముల్లు, టీఎల్072 బఫరు, యూసీఏ222. రెండు కుప్పలూ యాభై దాటితే మూడు వేగాలూ బరువు సర్దుబాటూ ఉన్న టర్న్‌టేబుల్, వీఎం95 ఒంటికి రెండు ముళ్ళు, పైన చెప్పిన ప్రీయాంప్. డబ్బు ఒకేసారి సరిపోకపోతే ముళ్ళు ముందు కొనండి, సౌండ్ కార్డు తర్వాత. బీటలు పడిన 78లు ఉంటే వాటిని అన్నిటికంటే చివర్న, ముల్లు అలవాటయ్యాక 45 వేగంలో ఎక్కించండి.